పిడుదు దారిన వచ్చే ఫైలేరియా: కుక్క చర్మంలో దాగే పురుగు

ఫైలేరియా అనగానే తెలుగునాట ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బోదకాలు. దాని వెంట దోమ, ఆ వెనుక రాత్రివేళ ఇంటింటికీ తిరిగి వేలి కొన నుంచి రక్తపు చుక్క తీసుకునే ఆరోగ్య సిబ్బంది గుర్తొస్తారు. కుక్కలను పెంచేవారికైతే గుండెలో చేరే హార్ట్‌వర్మ్ కూడా తెలిసి ఉండవచ్చు. అదీ దోమ తెచ్చిపెట్టేదే. ఈ రెండింటి మూలంగా ఫైలేరియా పురుగుల పిల్లలన్నీ రక్తంలోనే తిరుగుతాయనీ, వాటన్నింటినీ దోమలే మోస్తాయనీ ఒక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. నిజానికి ఈ పురుగుల వంశం చాలా పెద్దది. వాటిలో కొన్నింటిని నల్ల ఈగలు మోస్తాయి, కొన్నింటిని కుక్క ఒంటిపై గెంతే ఫ్లీలూ పేలూ మోస్తాయి, మరికొన్నింటిని పిడుదులు మోస్తాయి. పిడుదు మోసే రకాలలో ముఖ్యమైనవాటి పిల్లలు రక్తంలో ఉండవు. అవి ఉండేది చర్మంలో. ఎక్కడ ఉంటాయన్న ఈ ఒక్క తేడా వల్లనే ఆ పురుగులు సుమారు వందేళ్ళపాటు పశువైద్యుల కంట పడకుండా మిగిలిపోయాయి.

కుక్కలకు పిడుదుల ద్వారా సోకే ఫైలేరియాలలో ప్రధానమైనవి సెర్కోపిథిఫైలేరియా ప్రజాతికి చెందినవి. ఆఫ్రికా, ఆసియా కోతుల కుటుంబానికి శాస్త్రంలో ఉన్న పేరు నుంచి ఈ ప్రజాతి పేరు పుట్టింది కాబట్టి అందులో కోతి వినిపిస్తుంది గాని, దీనిలోని కొన్ని జాతులకు కుక్కే అసలైన ఆతిథేయి, అంటే ఆశ్రయమిచ్చే జీవి. కుక్కల్లో ఇప్పటికి మూడు రకాలను గుర్తించారు. మొదటిది సెర్కోపిథిఫైలేరియా గ్రాసీ, రెండోది సెర్కోపిథిఫైలేరియా బైనే, మూడోదానికి ఇంకా పూర్తి శాస్త్రీయ నామం స్థిరపడక దానిని రెండవ సంఖ్యతోనే పిలుస్తున్నారు. సూక్ష్మదర్శినిలో వీటిని వేరు చేయడానికి పిల్లల పొడవే మొదటి ఆధారం. బైనే పిల్ల సుమారు 200 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే ఉంటుంది, రెండవ సంఖ్య రకం 300 మైక్రాన్లకు దగ్గరగా ఉంటుంది, గ్రాసీ పిల్ల మాత్రం అర మిల్లీమీటరు దాటుతుంది. ఈ మూడూ గాక అకాంతోకైలోనెమా డ్రాకన్‌క్యులాయిడిస్ అనే మరో ఫైలేరియాకు కూడా పిడుదు వాహకంగా పనిచేయగలదని 1993లో స్పెయిన్ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు. కాకపోతే దాని పిల్లలు రక్తంలోనే తిరుగుతాయి, దానిని కుక్క ఒంటిని అంటిపెట్టుకొని తిరిగే ఒక రకం ఈగ కూడా మోస్తుంది. అందువల్ల పిడుదు మోసే ప్రతి ఫైలేరియా చర్మంలోనే ఉంటుందని సూత్రం కట్టడం తప్పవుతుంది.

ఈ పురుగుల చరిత్రకు హైదరాబాదు పక్కనే ఒక చిన్న కొస ఉంది. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఫైలేరియా పిల్లలు దోమ కడుపులో పెరుగుతాయని గమనించాడు. పురుగు కుట్టి రోగం అంటించగలదన్న ఆలోచనకు అది తొలి గట్టి ఆధారం. ఆ ఆలోచననే పట్టుకొని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపు గోడపై మలేరియా పరాన్నజీవిని చూశాడు. అదే కాలంలో రోములో జొవాన్ని బాతిస్తా గ్రాసీ మనుషుల మలేరియాను మోసేది అనోఫిలిస్ దోమ అని తేల్చాడు. ఆ ఘనత ఎవరిదన్న విషయంలో వారిద్దరి మధ్య నడిచిన కలహం వైద్య చరిత్రలో ప్రసిద్ధం. 1900లో గ్రాసీ, ఆయన సహచరుడు జొవాన్ని నోయె కలిసి కుక్కల హార్ట్‌వర్మ్ కూడా దోమకాటు ద్వారానే సంక్రమిస్తుందని ప్రకటించారు.

ఆ నోయెయే 1907లో కుక్కలో మరో ఫైలేరియాను వర్ణించి, తన గురువు గౌరవార్థం దానికి గ్రాసీ పేరు పెట్టాడు. మరుసటి ఏడాది, 1908లో, దాని జీవితచక్రం గురించి మరో పత్రం వెలువరించి, ఈ పురుగు పిల్లలు పెరిగేది దోమలో కాదనీ, కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదులో అనీ చెప్పాడు. అంటే పిడుదు కుక్కకు ఫైలేరియా అంటించగలదన్న సంగతి కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. అది నూరేళ్ళ కిందటి జ్ఞానమే. అయినా దానిని పట్టించుకున్నవారు తక్కువ. 1984లో బ్రెజిల్‌లో ఆల్మేడా, విసెంటె అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కలో కనిపించిన మరో జాతిని వర్ణించి, ఫైలేరియా పురుగుల వర్గీకరణలో జీవితాన్ని గడిపిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఒదీల్ బైన్ పేరు దానికి పెట్టారు. ఆ తరువాత కూడా పాతికేళ్ళకు పైగా పెద్ద కదలిక లేదు. 2011లో సిసిలీ ద్వీపంలోని ఒక కుక్క చర్మంలో దొరికిన పిల్లలను ఇటలీ పరిశోధకులు రూపపరంగాను, జన్యుపరంగాను వర్ణించారు. 2012లో అదే బృందం ఆ పురుగుకు గోధుమరంగు కుక్క పిడుదే మధ్యంతర ఆతిథేయి, అంటే పిల్లలు పెరిగే చోటు, అని నిర్ధారించింది. 2013లో సార్డీనియా ద్వీపపు కుక్క నుంచి తీసిన పెద్ద పురుగుల ఆధారంగా బైనే జాతిని తిరిగి వర్ణించారు. తన పేరు పెట్టుకున్న పురుగును వర్ణించిన ఆ పత్రం రచయితల్లో ఒదీల్ బైన్ కూడా ఉన్నారు. అయితే అది అచ్చయ్యేనాటికి ఆవిడ లేరు, 2012లోనే మరణించారు.

ఇంతకాలం ఈ పురుగు ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకు జవాబు పరీక్ష చేసే పద్ధతిలో ఉంది. కుక్కకు ఫైలేరియా ఉందేమోనన్న అనుమానం వస్తే వైద్యుడు చేసే మొదటి పని రక్తం తీయడం. ఆ రక్తపు చుక్కను నేరుగా గాజుపలకపై చూస్తారు, లేదా ఒక మిల్లీలీటరు రక్తానికి తొమ్మిది మిల్లీలీటర్ల 2 శాతం ఫార్మలిన్ కలిపి, వేగంగా తిప్పి, అడుగున చేరిన మడ్డికి నీలిరంగు అద్ది చూస్తారు. ఈ రెండవదానికే నాట్ పద్ధతి అని పేరు. ఇవి గాక హార్ట్‌వర్మ్ ఆడపురుగు విడుదల చేసే ప్రొటీనును పట్టుకునే చిన్న కిట్లు ఉన్నాయి. ఇవన్నీ రక్తాన్ని ఆధారం చేసుకున్నవే. సెర్కోపిథిఫైలేరియా పిల్లలు రక్తంలో కాక చర్మపు లోపలి పొరలో ఉంటాయి కాబట్టి, ఎన్ని చుక్కలు చూసినా ఎంత శ్రద్ధగా చూసినా పరీక్ష ఫలితం ‘లేదు’ అనే వస్తుంది. ఆ ‘లేదు’ అన్న మాటను వైద్యుడూ కుక్క యజమానీ ఇద్దరూ ఫైలేరియా ఏదీ లేదన్న అర్థంలో తీసుకుంటారు. పరీక్ష చెప్పినది రక్తంలో లేదని మాత్రమే.

అసలు పిల్లలు చర్మంలోనే ఎందుకు ఉండాలి అన్నది ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న; దానికి జవాబు పిడుదు తినే తీరులో దొరుకుతుంది. దోమ నోరు సన్నని సూది వంటిది. అది నేరుగా ఒక చిన్న రక్తనాళాన్ని వెతికి పట్టుకొని, నిమిషాల్లో కడుపు నింపుకొని ఎగిరిపోతుంది. కాబట్టి దోమ మోసే పురుగు పిల్లలు ఆ కాస్త సమయంలో రక్తనాళంలో అందుబాటులో ఉండాలి. పిడుదు అలా తినదు. అది చర్మాన్ని కోసి, ముళ్ళున్న నోటిభాగాన్ని లోపలికి దింపి, చుట్టూ సిమెంటులాగా గట్టిపడే స్రావంతో తనను తాను బిగించుకొని, రోజుల తరబడి అక్కడే ఉండిపోతుంది. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసేవి, నొప్పి తెలియకుండా చేసేవి, ఆతిథేయి రక్షణవ్యవస్థను మందగింపజేసేవి ఎన్నో పదార్థాలుంటాయి. వాటి ప్రభావంతో నోటి కింద చర్మంలో ఒక చిన్న గుంట ఏర్పడి, అందులోకి రక్తమూ, శోషరసమూ, కరిగిన కణజాలమూ చేరతాయి. పిడుదు పీల్చేది ఆ మిశ్రమాన్ని. చర్మంలో తిరుగాడే పురుగు పిల్లకు ఆ గుంటలో పడడం సులభం. రక్తనాళంలో కొట్టుకుపోయే పిల్ల ఆ చోటికి చేరే అవకాశం ఎప్పటికప్పుడు మారుతుంటుంది. చర్మంలోని పిల్లకు రోజుల వ్యవధి చేతిలో ఉంటుంది.

ఇదే తర్కం మరో చోటా కనిపిస్తుంది. ఆఫ్రికాలో కళ్ళు పోగొట్టే ఆంకోసెర్కా అనే మనుషుల ఫైలేరియాను నల్ల ఈగలు మోస్తాయి. అవీ చర్మాన్ని చీల్చి గుంటలో చేరిన రక్తాన్ని జుర్రుకునే రకమే. దాని పిల్లలూ చర్మంలోనే ఉంటాయి. ఆ రోగాన్ని నిర్ధారించడానికి రక్తం కాక చర్మపు చిన్న ముక్క కోసి చూడడం దశాబ్దాలుగా ఆనవాయితీ. దూరపు చుట్టాలైన రెండు పురుగులు వేర్వేరు వాహకాలతో ఒకే పరిష్కారానికి రావడం చూస్తే, పురుగు పిల్ల మకాం ఎక్కడన్నది చాలావరకు వాహకం నోటిని బట్టి ఉంటుందనిపిస్తుంది. బోదకాలు పురుగు విషయంలో ఈ సర్దుబాటు కాలానికి సంబంధించినది. మన ప్రాంతంలో దానిని మోసే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది కాబట్టి, దాని పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి రాత్రి పది గంటల తరువాత పై రక్తంలోకి వస్తాయి. రోజుల తరబడి అతుక్కొని ఉండే పిడుదును నమ్ముకున్న పురుగుకు ఇటువంటి గడియారంతో పెద్ద పని ఉండదు. దానికి చోటు ముఖ్యం. ఇటలీ పరిశీలనల్లో కుక్క చెవులు, తల, మెడ వద్ద తీసిన చర్మపు ముక్కల్లో పిల్లలు ఎక్కువగా కనిపించాయి. కుక్కను నిమిరి చూసేవారెవరికైనా తెలుసు, పిడుదులు గుంపుగా చేరేదీ సరిగ్గా ఆ చోట్లలోనే.

పిడుదు కడుపులో పడిన పిల్ల తరువాత ఏమవుతుందో చూద్దాం. అది పేగు గోడను దాటి లోపలి కణజాలాల్లోకి చేరి, ముందు పొట్టిగా లావుగా మారి, తరువాత మళ్ళీ సాగి, రెండుసార్లు కుబుసం విడిచి మూడవ దశ పిల్లగా తయారవుతుంది. కుక్కకు సోకగలిగేది ఈ మూడవ దశ మాత్రమే. వెచ్చని వాతావరణంలో ఇందుకు సుమారు నెల రోజులు పడుతుంది. ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం, పిడుదులో పురుగు పెరుగుతుందే గాని సంఖ్యలో పెరగదు. ఒక పిల్ల లోపలికి వెళితే మహా అయితే ఒక మూడవ దశ పిల్ల బయటికి వస్తుంది. మన పశువైద్యశాలల్లో పిడుదు జ్వరం పేరిట తరచుగా వినిపించే ఎర్లికియా, బబీసియా ఇందుకు భిన్నమైనవి. అవి సూక్ష్మజీవులు, పిడుదు లోపల వేల సంఖ్యలో పెరిగి లాలాజలంతోపాటు కుక్కలోకి దిగుతాయి. హెపటోజూన్ అనే మరొకటి కుక్క తన ఒంటిమీది పిడుదును కొరికి మింగినప్పుడు సోకుతుంది. ఫైలేరియా పిల్ల దారి ఈ రెండూ కాదు. అది పిడుదు నోటి భాగాల దాకా తనంతట తాను పాకివచ్చి, కాటు వేసిన చోట చర్మంలోకి ప్రవేశించాలి. సంఖ్యలో పెరిగే వీలు లేదు కాబట్టి ఒక్కో పురుగు కుక్కకు చేరడం వెనుక ఎన్నో పిల్లల వృథా ప్రయాణాలు ఉంటాయి. పిడుదులు ఒంటినిండా ఉన్న కుక్కల్లో, ఏడాదిలో ఎక్కువ కాలం పిడుదులు తిరిగే వెచ్చని ప్రాంతాల్లో ఈ పురుగు నిలదొక్కుకోవడానికి కారణం ఇదే.

దీనిని సరిగా అర్థం చేసుకోవాలంటే పిడుదు జీవితాన్ని కొంచెం నిదానంగా చూడాలి. గుడ్డు నుంచి వచ్చిన పిడుదు పిల్లకు ఆరు కాళ్ళుంటాయి. అది ఒకసారి రక్తం తాగి, రాలి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళ పిల్ల అవుతుంది. అది మళ్ళీ ఒకసారి తాగి, రాలి, కుబుసం విడిచి పెద్ద పిడుదు అవుతుంది. పెద్ద ఆడపిడుదు కడుపునిండా తాగి, శనగగింజంత ఉబ్బి, రాలిపడి, వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చనిపోతుంది. మన ఆవులకూ గేదెలకూ పట్టే గోమారి బతుకు ఇలా ఉండదు. అది ఆరు కాళ్ళ దశలో ఏ పశువు మీద ఎక్కితే ఆ పశువు మీదనే మూడు దశలూ గడిపి చివరికి ఒక్కసారే రాలుతుంది. అటువంటి పిడుదు ఒక పశువు నుంచి మరో పశువుకు పురుగును మోయడానికి పెద్దగా పనికిరాదు. కుక్క పిడుదు మాత్రం మూడుసార్లు ఎక్కుతుంది, మూడుసార్లు దిగుతుంది. దిగిన ప్రతిసారీ ఇంకో కుక్క దొరికే అవకాశం ఉంటుంది.

ఈ ఎక్కడం దిగడంలోనే పురుగుకు దొరికే అవకాశమూ, దానికున్న పరిమితీ రెండూ ఉన్నాయి. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిడుదు పిల్లలో ఫైలేరియా ఉండదు, ఎందుకంటే ఈ పురుగు తల్లి పిడుదు నుంచి గుడ్లలోకి పోదు. కాబట్టి మొదటిసారి తాగేటప్పుడు పిడుదు పురుగును తీసుకోగలదే తప్ప ఇవ్వలేదు. ఆరు కాళ్ళ దశలో పురుగును తీసుకున్నది ఎనిమిది కాళ్ళ దశలో ఇవ్వగలదు. ఎనిమిది కాళ్ళ దశలో తీసుకున్నది పెద్దదై ఇవ్వగలదు. ఆడపిడుదు తన చివరి తాగుడులో పురుగును తీసుకుంటే మాత్రం ఆ పురుగు ప్రయాణం అక్కడితో ముగిసినట్టే, ఎందుకంటే ఆ తరువాత పిడుదు ఇంకెవరినీ కుట్టదు. చూడగానే భయపెట్టే ఉబ్బిన ఆడపిడుదు కంటే, వేలికి కూడా సరిగా తగలని చిన్న దశలే పురుగును మోసుకుపోవడంలో కీలకం. ఇంట్లో వాళ్ళు పెద్ద పిడుదులను ఏరి పారేసి కుక్క శుభ్రమైందనుకుంటారు. ఆ ఏరివేత మంచిదే. చిన్నవి మాత్రం చెవి ముడతల్లో, కాలివేళ్ళ సందుల్లో మిగిలే ఉంటాయి.

కుక్క చర్మంలోకి చేరిన మూడవ దశ పిల్ల మరో రెండుసార్లు కుబుసం విడిచి పెద్ద పురుగు అవుతుంది. పెద్ద పురుగులు సన్నని దారపు పోగుల్లా ఉండి, చర్మం కింది వదులైన కణజాలంలో నివసిస్తాయి. గుండెలోనో ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనో చుట్టుకొని ప్రాణం మీదికి తెచ్చే హార్ట్‌వర్మ్‌తో పోలిస్తే వీటి తీరు చాలా నెమ్మది. సోకిన కుక్కల్లో ఎక్కువవాటికి పైకి ఏ లక్షణమూ కనబడదు. కొన్నింటిలో చర్మం ఎర్రబడడం, చిన్న పొక్కులు రావడం, దురద, వెంట్రుకలు రాలడం చూశారు. 2014లో ఇటలీ నుంచి వచ్చిన ఒక నివేదికలో దీర్ఘకాలంగా పలు కీళ్ళు వాచిన ఒక కుక్కలో బైనే జాతి సంక్రమణను గుర్తించారు. ఇటువంటి ఒకటి రెండు కేసులను పట్టుకొని కీళ్ళనొప్పి ఉన్న ప్రతి కుక్కకూ పురుగే కారణమనడం తొందరపాటు. అదే సమయంలో లక్షణాలు తక్కువ కాబట్టి దీనిని వదిలేయవచ్చనడమూ సరికాదు, ఎందుకంటే ఈ పురుగు చాలాసార్లు ఒంటరిగా రాదు. దానిని మోసే పిడుదే ఎర్లికియానూ బబీసియానూ హెపటోజూన్‌నూ మోస్తుంది. కుక్క చర్మంలో సెర్కోపిథిఫైలేరియా దొరికిందంటే, దాని ఒంటి మీద చాలాకాలంగా పిడుదులు విందు చేసుకుంటున్నాయన్నదానికి అది ఒక సాక్ష్యం; మిగతా జబ్బుల కోసం రక్తపరీక్ష చేయించవలసిన సమయం అదే.

పరీక్షకు ఖరీదైన యంత్రాలేమీ అక్కరలేదు. చెవి వద్దనో మెడ వెనుకనో కొన్ని మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి ఉప్పునీటి ద్రావణంలో ఉంచితే, లోపలున్న పిల్లలు నీటిలోకి ఈదుకొని వస్తాయి. అడుగున చేరిన ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే కదులుతూ కనిపిస్తాయి. జాతిని ఖాయంగా తేల్చడానికి పురుగు జన్యుపదార్థాన్ని చూసే పీసీఆర్ పరీక్ష తోడ్పడుతుంది. ఈ పద్ధతి ఎంత తేలికైనదో అంత అరుదుగా జరుగుతుంది, ఎందుకంటే చర్మవ్యాధితో వచ్చిన కుక్కకు వైద్యులు సాధారణంగా గీకి చూసేది గజ్జి పురుగుల కోసం. ఆ గీకిన నమూనాలోనే అనుకోకుండా ఫైలేరియా పిల్ల కనిపించినా, దానిని పోల్చుకోగల కన్ను ఉండాలి.

పోల్చుకోవడంలో పొరపాటు జరిగితే వచ్చే నష్టం చిన్నది కాదు. రక్తంలో ఏదో ఒక మైక్రోఫైలేరియా, అంటే ఫైలేరియా పిల్ల, కనబడగానే దానిని హార్ట్‌వర్మ్ అనుకునే ప్రమాదం ఉంది. ఫ్లీల ద్వారా సోకే అకాంతోకైలోనెమా రికాండిటమ్, పిడుదుతోనూ ఈగతోనూ వచ్చే డ్రాకన్‌క్యులాయిడిస్ రెండూ రక్తంలోనే పిల్లలను వదులుతాయి. వీటి వల్ల కుక్కకు పెద్దగా హాని లేదు. హార్ట్‌వర్మ్ పెద్ద పురుగులను చంపడానికి వాడే మెలార్సోమిన్ మాత్రం ఆర్సెనిక్ మూలకం ఉన్న మందు. దానిని నడుము కండరంలోకి లోతుగా ఇస్తారు. చచ్చిన పురుగు ముక్కలు ఊపిరితిత్తుల నాళాల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి వారాల తరబడి కుక్కను కట్టడిలో ఉంచాలి. నిరపాయకరమైన పురుగు కోసం కుక్కను ఆ చికిత్సకు గురిచేయడం అన్యాయం. కాబట్టి పురుగు కనబడిన వెంటనే మందు మొదలుపెట్టకుండా, అది ఏ జాతిదో తేల్చుకున్నాకే అడుగు వేయడం వైద్యపరంగా కనీస మర్యాద.

ఇక ఆ పిడుదు సంగతి. శాస్త్రగ్రంథాల్లో దీని పేరు చాలాకాలం రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అని ఒకటే. జన్యు పరీక్షలు వచ్చాక, సమశీతోష్ణ ప్రాంతాల్లో ఉండే రకమూ, భారతదేశం వంటి ఉష్ణప్రాంతాల్లో ఉండే రకమూ వేరని తేలింది. ఈ రెండవదానిని ఇటీవలి కాలంలో రైపిసెఫాలస్ లినేయి అంటున్నారు. పేరేదైనా దాని అలవాటు మాత్రం మన ఇళ్ళకు బాగా సరిపోతుంది. అడవిలోనో గడ్డిలోనో కాచుకొని ఉండే చాలా పిడుదుల్లా కాక, ఇది గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనుక, కుక్క పడుకునే గోనెసంచి మడతల్లో, మెట్ల కింద దాక్కొని బతుకుతుంది. రక్తం తాగి రాలిన పిడుదు నేలమీద ఉండదు, ఎత్తుకు పాకుతుంది. ఇంటి గోడ మీద పైకి ఎగబాకుతున్న బూడిదరంగు గింజలను చూసి కుక్కకు పిడుదులు పట్టాయని గుర్తించే ఇల్లాలిది మంచి పరిశీలన. ఒక ఆడపిడుదు నాలుగు వేల గుడ్ల దాకా పెట్టగలదు, తిండి దొరకకపోయినా పెద్ద పిడుదులు నెలల తరబడి బతకగలవు. ఏ సమయంలో చూసినా పిడుదుల సంఖ్యలో ఎక్కువ భాగం కుక్క ఒంటి మీద కాక ఇంటి సందుల్లోనే ఉంటుంది.

అందుకే కుక్కకు ఒక స్నానం, ఒక సూది వేయించి పని అయిపోయిందనుకోవడం కుదరదు. ఫ్లురాలానర్, అఫోక్సోలానర్, సరోలానర్, లోటిలానర్ వంటి మాత్రలు ఇప్పుడు మన నగరాల్లోనూ దొరుకుతున్నాయి. ఇవి కుక్క రక్తంలో చేరి, కుట్టిన పిడుదును చంపుతాయి. అంటే పిడుదు కుట్టాకే పనిచేస్తాయి. డెల్టామెత్రిన్, ఫ్లూమెత్రిన్ ఉన్న మెడపట్టీలు చర్మం పైపొరలో వ్యాపించి, తగిలిన పిడుదును చంపుతాయి. ఫైలేరియా పిల్ల పిడుదు లోపల వారాల తరబడి పెరగాలి కాబట్టి, ఏ మందైనా సరే, పిడుదును పూర్తిగా తాగి రాలిపోకముందే చంపగలిగితే ఆ పురుగు మరో కుక్కకు చేరే దారి మూసుకుపోతుంది. హార్ట్‌వర్మ్ రాకుండా నెలనెలా ఇచ్చే తక్కువ మోతాదు ఐవర్మెక్టిన్ పిడుదులను ఆపదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించేవారు చాలామంది ఉన్నారు. కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు ఒక జన్యులోపం వల్ల ఐవర్మెక్టిన్ ఎక్కువ మోతాదులో మెదడుకు విషమవుతుంది, కాబట్టి పశువులకు వాడే సీసా తెచ్చి అంచనాతో ఎక్కించడం ప్రాణాంతకం కావచ్చు. పెర్మెత్రిన్ ఉన్న మందులు పిల్లులున్న ఇంట్లో అసలు వాడకూడదు. కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్ల అంటించడం వంటి పాత చిట్కాలు పిడుదును చిరాకుపరచి దాని లాలాజలాన్ని చర్మంలోకి ఇంకా దింపుతాయి తప్ప మేలు చేయవు. చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టుకొని నిదానంగా లాగడమే సరైన పద్ధతి. తీసినదానిని గోళ్ళ మధ్య నలపడం మన దగ్గర బాగా ఉన్న అలవాటే గాని, లోపలున్న సూక్ష్మజీవులు చేతి పుండ్లకు తగిలే వీలుంది.

ఇంట్లో కుక్కకు ఫైలేరియా దొరికిందని విన్నవారు మనుషులకు బోదకాలు వస్తుందేమోనని భయపడడం సహజం. తెలుగునాట బోదకాలు తెచ్చే పురుగు మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి పోతుందే గాని, దానికి కుక్క ఆశ్రయం కాదు. కుక్క చర్మంలోని సెర్కోపిథిఫైలేరియాకు ఆ రోగంతో ఏ సంబంధమూ లేదు. కేరళలో కుక్కల నుంచి మనుషుల కంటికీ చర్మానికీ సోకిన సందర్భాలున్న డైరోఫైలేరియా రిపెన్స్ వేరే జాతి, దానిని మోసేది దోమ. మనుషులకు బోదకాలు తెచ్చే మరో పురుగు బ్రూజియా మలయీ కూడా దోమ దారినే వస్తుంది. వీటన్నింటినీ ఫైలేరియా అనే ఒకే పేరుతో పిలవడం వల్లనే గందరగోళం పుడుతోంది.

పిడుదు గుడ్లలోకి పురుగు పోదన్న విషయం ఇల్లు శుభ్రం చేసేవారికి ఒక వెసులుబాటు. గోడ పగులులో ఇప్పుడే పుట్టిన వేల పిడుదు పిల్లల్లో ఒక్కదానిలోనూ ఫైలేరియా ఉండదు. అవి సోకిన కుక్కను కుట్టినప్పుడే దానిని తీసుకుంటాయి. అంటే ఆ ఇంట్లో పురుగుకు నిలవ నీడ కుక్క చర్మమే. పెద్ద పురుగులు తమ ఆయువు తీరేదాకా ఆ చర్మంలోకి పిల్లలను వదులుతూనే ఉంటాయి కాబట్టి, సోకిన కుక్కకు పిడుదు మందు ఆపేసిన ఏ వేసవిలోనైనా చక్రం మళ్ళీ మొదలవుతుంది. పక్కింటి కుక్కకూ వీధి కుక్కకూ అదే గోడ ఆనుకొని ఉంటే, ఆ చక్రం ఒక్క ఇంటితో ఆగదు.